ఇసుకలో లోకాలు

కుజగ్రహవాసుల చేత లండన్ మీద దండయాత్ర చేయించిన రచయిత హెచ్.జి. వెల్స్. కాలయంత్రం ఆయన సృష్టే, అదృశ్య మానవుడూ ఆయన సృష్టే. ఆ పెద్దమనిషి 1911లో ‘ఫ్లోర్ గేమ్స్’ అని ఒక సన్నటి పుస్తకం రాశాడు. అందులో కుజుడూ లేడు, కాలయంత్రమూ లేదు. నలభై దాటిన ఒక తండ్రి తన ఇద్దరు కొడుకులతో కలిసి ఇంట్లో నేలమీద చతికిలబడి చెక్కముక్కలతో, సీసపు సైనికులతో ఎలా ఆడుకునేవాడో చెప్పే పుస్తకం అది. మధ్యమధ్య బొమ్మల దుకాణాల వాళ్లమీద విసుర్లు.

ఆటతోనే పిల్లల మనసుకు చికిత్స చేసే ప్లే థెరపీ చరిత్ర చదువుతుంటే ఈ పుస్తకం పేరు తగిలింది. నోటితో చెప్పుకోలేని భయాన్నీ కోపాన్నీ దిగులునీ పిల్లలు ఇసుక ట్రేలో చిన్నచిన్న బొమ్మలు పేర్చి చూపించే పద్ధతి ఒకటుంది. దేశదేశాల్లో వాడుతున్నారు. దాని మూలం వెతుక్కుంటూ పోతే వియన్నాలో ఫ్రాయిడ్ గారి సోఫా దగ్గర తేలతామనుకుంటాం. తేలేది వెల్స్ గారింట్లో నేలమీద! ఇది నా కల్పన కాదు. ఆ పద్ధతికి ఆద్యురాలైన లండన్ డాక్టరమ్మ మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ తనే చెప్పుకుంది. వయసులో ఉండగా చదివిన ‘ఫ్లోర్ గేమ్స్’ మనసులో నాటుకుపోయిందనీ, పిల్లలతో పనిచేయడం మొదలుపెట్టాక అదే గుర్తొచ్చిందనీ.

కాబట్టి ముందు ఆ నేల సంగతి చూద్దాం.

వెల్స్ కొడుకులు జార్జ్, ఫ్రాంక్. వాళ్ల ఆటలు ముఖ్యంగా రెండు. మొదటిది దీవుల ఆట. నేలంతా సముద్రం, దానిమీద పరిచిన పలకలు దీవులు. ఓడల్లో వచ్చి దిగడాలు, అడవులు, జంతువులు, యుద్ధాలు. రెండోది నగరాలు కట్టే ఆట. వాళ్లు ఎప్పుడూ ఒక నగరం కట్టేవారు కాదు, జంట నగరాలే కట్టేవారు. హైదరాబాద్, సికింద్రాబాద్ తెలిసిన మనం దీనికి వేరే కారణాలు ఊహిస్తాం కానీ అక్కడ కారణం చాలా తేలిక. అన్నదమ్ములిద్దరికీ మేయర్ పదవి కావాలి! రెండు ఊళ్లు కట్టేస్తే తగువు తీరిపోతుంది. రైలు స్టేషన్, టౌన్ హాల్, దుకాణాలు, వీధులు లేస్తాయి. తండ్రి కూడా సిగ్గుపడకుండా ఇటుకలు పేరుస్తాడు.

వెల్స్ ఫిర్యాదు ఒకటి నాకు భలే నచ్చింది. దుకాణాల్లో ఎక్కడ చూసినా సైనికుల బొమ్మలే, మామూలు మనుషుల బొమ్మలు దొరకవంటాడు. ఊరు కట్టాక అందులో తిరగడానికి జనం ఉండొద్దా? అని వాపోయిన మనిషే 1913లో ‘లిటిల్ వార్స్’ అని ఆ సైనికులతోనే ఆడే యుద్ధక్రీడ నియమాలు రాశాడు. మరుసటి ఏడు అసలు యుద్ధమే వచ్చిపడింది. అది వేరే కథ.

ఇంకో చుట్టం కథ కూడా ఇక్కడే చెప్పేస్తాను, మళ్లీ చోటు దొరకదు. వెల్స్ ఇంగ్లండ్‌లో ఊళ్లు కడుతున్న రోజుల్లోనే స్విట్జర్లాండ్‌లో కార్ల్ యూంగ్ కూడా ఊరు కడుతున్నాడు. ఫ్రాయిడ్‌తో తెగతెంపులై, తల దిమ్మెక్కిపోయి, ఏం చేయాలో తోచని 38 ఏళ్ల డాక్టరు. చిన్నప్పుడు తనకు రాళ్లతో ఇళ్లు కట్టడం ఇష్టమని గుర్తొచ్చింది. రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే సరస్సు ఒడ్డుకి పోయి గులకరాళ్లు ఏరుకొచ్చి ఇళ్లు, కోట, చర్చి కట్టేవాడు. రోగులు వచ్చే వేళకు లేచి చేతులు దులుపుకుని లోపలికి వెళ్లేవాడు. ఈ సంగతి ఆయన తన ఆత్మకథలో దాచకుండా చెప్పాడు. ఆ ఆటలోంచే తన ఆలోచనలు తేటపడ్డాయనీ చెప్పాడు.

ఇక వెల్స్ కంటే వెనక్కి వెళ్లాలంటే దారి సన్నగా ఉంది. ఆటబొమ్మలు అనాదిగా ఉన్నాయి. మొహెంజొదారోలో మట్టి బండ్లు దొరికాయి. వాటితో ఏ పిల్ల ఏ దుఃఖం తీర్చుకుందో ఎవరు చెబుతారు? 1762లో రూసో ‘ఎమిల్’ రాసి పిల్లల్ని పిల్లల్లా చూడమన్నాడు. 1837లో జర్మనీలో ఫ్రోబెల్ ఆటల బడి తెరిచాడు, కొన్నేళ్లకు దానికే కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. వీళ్లిద్దరికీ ఆట అంటే చదువుకి దారి. పిల్లవాడు ఆటలో తన గోడు చెబుతున్నాడన్న ఊహకి ఇంకా కాలం రాలేదు.

ఆ ఊహ వియన్నాలో మొలిచింది. 1909లో ఫ్రాయిడ్ ఒక ఐదేళ్ల పిల్లవాడి కథ అచ్చువేశాడు. గుర్రాలంటే వాడికి హడలు, వీధిలోకే వచ్చేవాడు కాదు. తమాషా ఏమిటంటే, ఆ చికిత్స జరిగినన్నాళ్లలో ఫ్రాయిడ్ ఆ పిల్లవాణ్ణి చూసింది ఒక్కసారే. వైద్యమంతా తండ్రి చేశాడు, ఫ్రాయిడ్ వెనకనుంచి సలహాలిచ్చాడు. ఆ పిల్లవాడు పెరిగి పెద్దవాడై న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో పేరున్న దర్శకుడు అయ్యాడు.

మొదటగా పిల్లల ఆటను చూస్తూ మనోవిశ్లేషణ చేసింది హెర్మీన్ హుగ్-హెల్ముట్. వియన్నా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్న టీచరమ్మ. పిల్లల ఇళ్లకే వెళ్లి, వాళ్ల బొమ్మల మధ్య కూర్చునేది. తల్లి పోయిన తన సవతి అక్క కొడుకుని చేరదీసి, వాడి ప్రవర్తన గురించి వ్యాసాలు రాసింది. 1924లో ఆ కుర్రవాడే డబ్బు కోసం ఇంట్లో దూరి ఆమె గొంతు నులిమి చంపేశాడు. జైలునుంచి వచ్చాక వియన్నా మనోవిశ్లేషకుల దగ్గరికి పోయి, మీ శాస్త్రం నామీద ప్రయోగించారు కాబట్టి నాకు పరిహారం ఇవ్వండని అడిగాడట. తన జీవితం గురించీ పని గురించీ ఎవరూ ఏమీ రాయకూడదని ఆమె ముందే వీలునామాలో కోరింది. అందరూ ఆ కోరిక మన్నించారు. అంత శ్రద్ధగా మన్నించారు కనకనే ఇవాళ ఆమె పేరు ఎవరికీ తెలియదు.

అందరికీ గుర్తుండిపోయిన పేరు మనోవిశ్లేషకురాలు మెలనీ క్లైన్‌ది. 1923లో బెర్లిన్‌లో ఆమె దగ్గరికి ఏడేళ్ల పాప ఒకతె వచ్చింది. బడంటే ఇష్టంలేదు, నోరు విప్పదు. బొమ్మలు గీయించినా, పలకరించినా ఉలుకూ పలుకూ లేదు. క్లైన్ ఒక్క నిమిషం ఉండమని చెప్పి తన పిల్లల గదిలోకి వెళ్లి కార్లు, చిన్న మనుషుల బొమ్మలు, చెక్కముక్కలు, రైలు అన్నీ ఒక పెట్టెలో వేసుకుని తెచ్చింది. పాప వెంటనే ఆట మొదలుపెట్టింది. అంతే, చికిత్స గదిలోకి బొమ్మల పెట్టె వచ్చేసింది. తర్వాత ప్రతి పిల్లకీ ఒక సొరుగు, దానికో తాళం. ఆ సొరుగులోవి ఆ పిల్లవే. ఇంకెవరూ ముట్టుకోరు.

క్లైన్ తెలివిని తక్కువ చేయను. కానీ ఆమె దగ్గర పిల్లవాడు రెండు బండ్లు గుద్దిస్తే చాలు, అది అమ్మానాన్నల గురించేనని ఆమె వాడితోనే చెప్పేసేది. 1926లో లండన్ వచ్చాక ఆమెకీ, ఫ్రాయిడ్ కూతురు అన్నాకీ ఏళ్ల తరబడి నడిచిన వాదం దీనిమీదే. పెద్దవాళ్లు మనసులోకి వచ్చిందల్లా మాట్లాడటమూ, పిల్లలు ఆడటమూ ఒకటేనని క్లైన్ వాదన. కాదు, ఆట ముందు పిల్లవాడి నమ్మకం సంపాదించడానికి అన్నది అన్నా పక్షం. లండన్ మీద బాంబులు పడుతున్నా ఆ తగువు ఆగలేదు. క్లైన్ కూతురు మెలిటా కూడా డాక్టరై తల్లికి ఎదురుపక్షంలో నిలబడి వాదించింది.

ఈ రెండు శిబిరాల్లో దేనిలోనూ చేరని మనిషి మన లోవెన్‌ఫెల్డ్. నా అభిమానం ఆమె మీదే కాబట్టి ఇక్కడ కాస్త తీరిగ్గా కూర్చుంటాను.

1890లో లండన్‌లో పుట్టింది. తండ్రి పోలాండ్ నుంచి వలస వచ్చి, మత్తులేని బీరు అమ్మి బాగా గడించిన వ్యాపారి. ఇంటినిండా సామాన్లూ అతిథులూ, కానీ తల్లిదండ్రులు విడిపోయారు. మార్గరెట్ ఎప్పుడూ ఏదో ఒక జబ్బుతో ఉండే పిల్ల. అక్క హెలెనా చురుకైనది. ఆమె తర్వాత హెలెనా రైట్ పేరుతో కుటుంబ నియంత్రణ ఉద్యమంలో ప్రసిద్ధురాలైంది. అక్కాచెల్లెళ్లిద్దరూ డాక్టర్లయ్యారు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక మార్గరెట్ పోలాండ్ వెళ్లింది. అక్కడ మళ్లీ యుద్ధం, టైఫస్ జ్వరం, యుద్ధ ఖైదీలు, ఆకలి. ఆమెను తొలిచిన ప్రశ్న అక్కడ పుట్టింది. ఒకే ఘోరం చూసిన పిల్లల్లో కొందరు మళ్లీ లేచి ఎలా నిలబడుతున్నారు? లోపల ఏం జరుగుతోంది? మాటలతో అడిగితే తెలిసేది కాదది. పెద్దవాళ్లకే ఆ అనుభవం చెప్పడానికి మాటలు లేవు.

1928లో లండన్ నార్త్ కెన్సింగ్టన్‌లో, పేదలుండే పేటలో, భయస్థులూ మొండివాళ్లూ అనిపించుకున్న పిల్లల కోసం చిన్న క్లినిక్ తెరిచింది. అంతకుముందే ఒక పెట్టె పోగుచేసుకుని ఉంది. రంగు పుల్లలు, పూసలు, కాగితం ముక్కలు, అగ్గిపెట్టెలు, బుల్లి బొమ్మలు. క్లినిక్ పిల్లలు దానికి ‘వండర్ బాక్స్’ అని పేరు పెట్టారు. 1929లో క్లినిక్ కొత్తచోటికి మారింది. ఈసారి గదిలో ఒక సొరుగుల బీరువా నిండా బుల్లి బొమ్మలు సర్దించింది. మనుషులు, జంతువులు, ఇళ్లు, చెట్లు, బండ్లు, కంచెలు. వెల్స్ కోరుకున్న మామూలు జనం కూడా! పక్కన బల్లమీద రెండు జింకు ట్రేలు. ఒకదాంట్లో ఇసుక, ఒకదాంట్లో నీళ్లు.

ఆమె చేసింది అంతవరకే. బీరువాలోని బొమ్మల్ని ఇసుకలో పెట్టమని ఎవరూ పిల్లలకు చెప్పలేదు. వాళ్లంతట వాళ్లే సొరుగులు లాగి, ఏరుకుని, ఇసుకలో నాటడం మొదలెట్టారు. కొండలు, ఊళ్లు, పోరాటాలు. మూడు నెలలు తిరక్కుండానే అది క్లినిక్‌లో అలవాటైపోయింది. తాము చేసేదాన్ని పిల్లలు ‘వరల్డ్’ అన్నారు. ఇవాళ లోకం చేద్దాం, నిన్నటి లోకం కంటే బాగా చేస్తాను. ఆ పేరే శాస్త్రీయ నామమై ‘వరల్డ్ టెక్నిక్’ అయింది. వైద్యశాస్త్రంలో రోగులే, అందులోనూ చిన్నపిల్లలు, చికిత్సా పద్ధతిని కనిపెట్టి పేరు కూడా పెట్టిన సందర్భాలు ఎన్ని ఉంటాయి? ఆ ఘనత పిల్లలదేనని ఆమె చివరిదాకా చెప్పింది. ఇలా చెప్పగలిగిన ప్రొఫెసర్లు ఎంతమంది ఉన్నారో మీరే లెక్కపెట్టుకోండి.

ట్రే సుమారు రెండున్నర అడుగుల పొడవు, అడుగున్నర పైచిలుకు వెడల్పు, మూడంగుళాల లోతు. పిల్లవాడు నిలబడితే తల తిప్పకుండా మొత్తం కనిపించేటంత. ఇప్పటి ట్రేలకు అడుగున నీలం రంగు వేస్తారు. ఇసుక చేత్తో పక్కకి జరిపితే చెరువైనా సముద్రమైనా తేలుతుంది.

ఎందుకు పనిచేస్తుంది? లోవెన్‌ఫెల్డ్ జవాబు సూటిగా ఉంటుంది. పిల్లలు మాటలతో కాదు, బొమ్మలు బొమ్మలుగా ఆలోచిస్తారు. మాట ఒకదాని వెనక ఒకటి రావాలి. మనసులో సంగతులు అలా వరసలో నిలబడవు. అమ్మంటే ప్రేమ, అదే అమ్మమీద కోపం, తమ్ముడు పోతే బాగుండునన్న కోరిక, ఆ కోరికకి తనే వణికిపోవడం, అన్నీ ఒకేసారి ఉంటాయి. వాక్యంలో పెడితే చిక్కుపడతాయి. ట్రేలో పెడితే ఆవు పక్కనే పులి, పులి వెనక కంచె, కంచెకు దారి లేదు, బుల్లి పిల్లవాడు ఇసుకలో సగం మునిగి ఉన్నాడు, అన్నీ ఒకచోటే కనిపిస్తాయి. పైగా అది తన సంగతని ఒప్పుకోనక్కర్లేదు. ఏడుస్తున్నది ఏనుగు పిల్ల, వాడు కాదు. ఆ మాత్రం ఎడం ఉంటే చాలు, చెప్పడానికి ధైర్యం వస్తుంది. ఇంకో సుఖం ఉంది. ఇంట్లో వాడి చేతుల్లో లేని పనులన్నీ ఇక్కడ వాడి చేతుల్లోనే ఉంటాయి. ఎవరు పడాలో, ఎవరు లేవాలో వాడిష్టం.

కొత్తగా వచ్చిన పిల్లలతో ఆమె ఒక ఏటి కథ చెప్పేది. పెద్దవాళ్లు ఒక గట్టున, పిల్లలు ఇంకో గట్టున ఉంటారు, ఒకరి సంగతులు ఒకరికి అందవు, మనిద్దరం కలిసి వంతెన కడదామా అని. తర్వాత మాట్లాడేది తక్కువ. ఇది ఫలానా అని అర్థం చెప్పేది కాదు. ఇదేమిటి, ఇక్కడేం జరుగుతోంది అని అడిగేది, చెబితే వినేది. చేసిన లోకాన్ని కాగితం మీద గీసి ఉంచుకునేవారు. ఒకే డాక్టరుకి పిల్లవాడు అతుక్కుపోకుండా వేర్వేరు మనుషుల దగ్గర ఆడనిచ్చేది. పిల్లవాడి అనుబంధం బొమ్మలతో ఉండాలి, మనతో కాదు అనేది.

ఇది క్లైన్ వర్గానికి మింగుడుపడలేదు. 1935లో ‘ప్లే ఇన్ చైల్డ్‌హుడ్’ పుస్తకం తెచ్చినా, తన సంస్థలో ఎందరికో శిక్షణ ఇచ్చినా, ఆమె ఏ గూటి పక్షీ కాదు కాబట్టి ఎవరూ ఆమె జెండా మోయలేదు. 1973లో పోయింది. ‘వరల్డ్ టెక్నిక్’ పుస్తకం ఆమె పోయాక 1979లో వచ్చింది. మనోవిశ్లేషణ చరిత్ర రాసిన చాలామంది క్లైన్‌కీ అన్నాకీ అధ్యాయాలు కేటాయించి ఈమెకు ఒక వాక్యం విదిల్చారు. ఇది అన్యాయమని నా ఉద్దేశం.

అయితే ఇసుక ప్రయాణం ఆగలేదు. డోరా కాల్ఫ్ అనే స్విట్జర్లాండ్ మహిళ 1954లో జ్యూరిక్‌లో లోవెన్‌ఫెల్డ్ ప్రసంగం విన్నది. తర్వాత లండన్ వెళ్లి ఆమె దగ్గర నేర్చుకుంది. వెళ్లమని ప్రోత్సహించింది ఎవరనుకుంటున్నారు? ఒకప్పుడు సరస్సు ఒడ్డున గులకరాళ్లతో ఊరు కట్టిన యూంగే. కాల్ఫ్ తన పద్ధతికి ‘శాండ్‌ప్లే’ అని పేరు పెట్టింది. ఆమె దగ్గర నేర్చుకున్న హయావొ కవాయి 1965లో దాన్ని జపాన్ తీసుకుపోయాడు. అక్కడ చిన్న పెట్టెలో తోటలూ వంతెనలూ పేర్చే పాత వేడుక ఒకటుంది. జనానికి ఇది కొత్త వైద్యంలా కాక తెలిసిన ఆటలా తోచింది, ఇట్టే అల్లుకుపోయింది. మనకీ బొమ్మల కొలువు ఉంది, బొమ్మల పెళ్లిళ్లు ఉన్నాయి, తడి ఇసుకలో పాదం పెట్టి కట్టే పిచ్చుక గూళ్లు ఉన్నాయి. మనకూ ఒక కవాయి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

అమెరికా కథ త్వరగా ముగిస్తాను. అక్కడ వర్జినియా ఆక్స్‌లైన్ 1947లో ‘ప్లే థెరపీ’ అనే పుస్తకం రాసింది. ఆమె సూత్రాలు ఎనిమిది. వాటి సారం, పిల్లవాడు ముందు నడుస్తాడు, పెద్దవాళ్లు వెనక నడుస్తారు, తొందరపెట్టరు. 1964లో వచ్చిన ఆమె ‘డిబ్స్’ మాత్రం లక్షలమంది చదివారు. బడిలో బల్లకింద దూరి ఎవరితోనూ మాట్లాడని ఐదేళ్ల పిల్లవాడి కథ. వాడు కూడా ఒకచోట తండ్రి అనుకున్న బొమ్మను ఇసుకలో పాతిపెడతాడు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. పాతిపెట్టాక కొన్నాళ్లకు తండ్రితో మాట్లాడటం మొదలైంది.

ఇంతా చెప్పి, నా దృష్టిలో అన్నిటికంటే గొప్ప సాక్ష్యం ప్లే థెరపీ గదిలోంచి వచ్చింది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అన్నా ఫ్రాయిడ్, డొరతీ బర్లింగ్‌హామ్ లండన్ హాంప్‌స్టెడ్‌లో నిరాశ్రయులైన పిల్లల కోసం నర్సరీలు నడిపారు. వాళ్లు 1943లో అచ్చువేసిన వివరాల్లో నాలుగేళ్ల పిల్లవాడొకడు ఉన్నాడు. వాడి తండ్రి వైమానిక దాడిలో చనిపోయాడు. వాడు కాగితంతో వరసగా ఇళ్లు చేసి, గోళీలతో బాంబులు వేసేవాడు. మిగతా పిల్లలూ ఆ ఆట ఆడేవారు. తేడా ఒక్కటే. వాడి ఆటలో మనుషులందరూ సమయానికి బయటపడేవారు, కూలిన ఇళ్లన్నీ మళ్లీ లేచేవి. మళ్లీ బాంబులు, మళ్లీ అందరూ క్షేమం. మళ్లీ మళ్లీ అదే. ఆరునెలల తర్వాత ఒకరోజు వాడు తండ్రి చనిపోయాడని నోటితో చెప్పాడు. ఆ ఆట అక్కడితో ఆగిపోయింది.

పెద్దవాళ్లు వాణ్ణి ఆరునెలలు ఆడనిచ్చారు. ఎప్పుడూ ఇదే ఆటేనా అని ఒక్కరు విసుక్కుని గోళీలు లాక్కున్నా ఏమయ్యేదో!

పోయిందేమిటో కూడా చెప్పాలి. వెల్స్ ఇంట్లో ఆట గంటలు గంటలు నడిచేది. ఇప్పుడు బొమ్మల కిట్లు వచ్చాయి, ధ్రువపత్రాలు వచ్చాయి, గంటకి ఫీజు వచ్చింది. శిక్షణ లేని చేతుల్లో పిల్లల మనసు పెట్టకూడదు, నిజమే. ధ్రువపత్రాల మీద నాకు పేచీ లేదు. కానీ ఒకప్పుడు ఊళ్లలో ఇల్లు కడుతున్నారంటే గుమ్మం ముందున్న ఇసుక కుప్ప పిల్లలదే. తాపీ మేస్త్రీ ఎంత అరిచినా సాయంత్రానికి అందులో సొరంగాలు ఉండేవి. ఇప్పుడు అపార్ట్‌మెంట్‌లో ఇసుక మరకలు పడితే వాచ్‌మన్‌కి ఫిర్యాదు. ఆటకి కూడా క్లాసు, క్లాసుకి టైమ్‌టేబుల్. పిల్లవాడు ఏమీ నేర్చుకోకుండా గంటసేపు ఆడాడంటే ఆ గంట దండగయిందని బాధపడే తల్లిదండ్రుల్ని చాలామందిని చూశాను. ఏమీ నేర్చుకోని ఆ గంటలోనే వాడు చెప్పాల్సింది చెబుతాడు.

1960ల మొదట్లో అమెరికాలో బెర్నార్డ్ గర్నీ, లూయీస్ గర్నీ దంపతులు ఒక తలతిక్క ఆలోచన చేశారు. చికిత్సకుడు చేసే పనిని తల్లిదండ్రులకే నేర్పితే? వారానికోసారి ఇంట్లో అరగంట. ఫోను ఎత్తకూడదు, ప్రశ్నలు వేయకూడదు, పాఠం చెప్పకూడదు, పొగడనూ కూడదు. పిల్లవాడు ఆడుతుంటే పక్కన కూర్చుని చూడటం, వాడు కనబరిచే భావాన్ని ఒక మాటలో తిరిగి పలకడం. కోపంగా ఉంది కదా ఆ ఎలుగుబంటికి, అన్నట్టు. కొట్టుకోవడం, వస్తువులు పగలగొట్టడం మాత్రం కుదరదని ముందే చెబుతారు. చాలామంది వృత్తిపరులు నవ్వారు.

2005లో స్యూ బ్రాటన్, ఆమె సహచరులు ప్లే థెరపీ మీద వచ్చిన 93 అధ్యయనాల్ని ఒకచోట చేర్చి లెక్కలు కట్టారు. వాటిలో చాలా అధ్యయనాలు చిన్నవి, కొన్ని పాతవి, విమర్శకులు ఆ మాట అంటూనే ఉన్నారు. మొత్తం మీద ప్లే థెరపీ బాగానే పనిచేస్తున్నట్టు తేలింది. శిక్షణ పొందిన తల్లిదండ్రులు ఆడించిన పిల్లలకు, వృత్తిపరులు ఆడించిన పిల్లల కంటే ఎక్కువ మేలు జరిగినట్టు కూడా తేలింది.